కారు లేనివాళ్ల ప్రయాణం

డ్రైవరు లేని టాక్సీలు అమెరికాలోని ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో తిరుగుతున్నాయి. ఇక సొంత కారెందుకని చర్చ. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తితీతకు, మిరపకోతకు వెళ్లే కూలి స్త్రీలకు కారు మాటే లేదు. మేస్త్రీ మాట్లాడిన ఆటోనో, ట్రాక్టరో ఎక్కాల్సిందే. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. ఇల్లు చేరాల్సిన స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు తప్పింది. మంచిదే. కానీ తెల్లవారుజామున చేలవైపు వెళ్లే బస్సు ఎన్ని ఊళ్లకుంది? బండి ఎవరిదైనా, డ్రైవరున్నా లేకున్నా, అది ఏ వేళకు, ఏ దారిన నడవాలో తేల్చేచోట కూలి స్త్రీ మాట చెల్లాలని నేనంటాను. కూలివేళలకు బస్సు వేయమని ప్రతి డిపోలోనూ మనం అడగాలి.