ఆరోగ్యము: దీర్ఘకాలపు నడుమునొప్పి

నడుమునొప్పిని నోరెత్తక ఓర్చుకొనుటయే గృహిణీధర్మమని తలచు సోదరీమణులు మనలో పెక్కుమంది కలరు. ఇది ధర్మము కాదు. 2020వ సంవత్సరమున లోకమందు సుమారు 61 కోట్ల 90 లక్షలమంది ఈ బాధ ననుభవించిరని అంచనా. వారిలో పురుషులకన్న స్త్రీలే అధికము.

మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమందురు. అట్టివానిలో పెక్కింటికి ప్రత్యేకమైన వ్యాధి యేదియు కారణముగా కానరాదు. నొప్పికి వెరచి మంచము విడువకున్నచో కండరములు బలము తగ్గి మరింత బిగిసికొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలలో వ్యాయామము నుపదేశించి, నడుముపట్టీలు సామాన్యముగా వాడదగినవి కావని చెప్పినది.

కండరములను సాగదీయు సులభమైన పద్ధతులు మూడింటిని ఇచట తెల్పుచున్నాము.

మొదటిది: చాపపై వెల్లకిల పరుండి మోకాళ్లు మడువవలెను. ఒక మోకాలిని రెండుచేతులతో పట్టి మెల్లగా రొమ్మువైపునకు తీసికొని, 20 లెక్కించువరకు నిలిపి విడువవలెను. పిమ్మట రెండవకాలు.

రెండవది: అట్లే పరుండి, ఒక అరికాలికి తువాలు తగిలించి, దాని కొసలు పట్టుకొని కాలిని పైకెత్తవలెను. మోకాలు కొంచెము వంగియుండవచ్చును. తొడ వెనుకభాగము సాగినట్లు తోచినచోట 20 లెక్కింపవలెను. రెండవకాలికిని ఇట్లే.

మూడవది: చేతులు, మోకాళ్లు నేల కానించి, పిల్లివలె వీపును పైకి వంచి, మరల మెల్లగా క్రిందికి దింపవలెను. ఇట్లు 10 మార్లు.

మొదటి రెండును దినమునకు రెండుమూడుమార్లు చేయవచ్చును. ఊపిరి బిగపట్టరాదు, కుదుపరాదు. సాగినట్లుండుట మేలు, పోటు పుట్టినచో ఆపవలెను. వీనితోపాటు నడకయు, కండరములకు బలమిచ్చు వ్యాయామమును ఉండవలెను. గుణము కనబడుటకు వారములు పట్టును గనుక నిరాశ కూడదు.

అయితే కాలు తిమ్మిరెక్కి బలము తగ్గుట, మలమూత్రములు స్వాధీనము తప్పుట, తొడలనడుమ స్పర్శ తెలియకుండుట, జ్వరము, కారణములేక చిక్కిపోవుట, పడినపిదప నొప్పి కలుగుట — వీనిలో ఏదియున్నను వ్యాయామము మాని వెంటనే వైద్యుని చూడవలెను. గర్భిణులును, ఎముకలు గుల్లబారినవారును వైద్యుని అడుగక వీనిని ప్రారంభింపరాదు.

ఇంటి పురుషులకును ఒక మాట. ఇల్లాలు చాప పరచుకొన్న పావుగంటలో ఆమెను పిలువక, పొయ్యిమీది పాలు మీరే చూచుకొనుడు. నీటిబిందెయు, గ్యాసు సిలిండరును మీరే ఎత్తుడు. సోదరీమణులారా! ఆ పావుగంటను అడుగుటకు మీరును సంకోచింపకుడు.