గొంతు లేకపోతేనేం, చెవులున్నాయిగా!

"సంగీతం క్లాసుకి వెడుతున్నాను" అని నేనంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వరూ మరి! యాభై మూడేళ్ళొచ్చాయి. పైగా నా గొంతు సంగతి వాళ్ళకి తెలుసు. ఎనిమిదో క్లాసులో ప్రార్థన పాడుతుంటే టీచరుగారు దగ్గరికొచ్చి, "నువ్వు పెదవులు కదుపు, చాలు" అన్నారు. ఆ రోజు మూసుకున్న నోరు మళ్ళీ పాటకి తెరుచుకోలేదు. సంగీతం మనకి రాదులే అనుకుని, కచేరీలకి వెళ్ళడం కూడా మానేశాను.

సంక్రాంతి వెళ్ళాక ఎదురింటి పిన్నిగారు వచ్చి, "గురువారం మూడింటికి నాతో రావాలమ్మా" అన్నారు. రిటైరయిన సంగీతం టీచరుగారొకరు తన ఇంట్లోనే పెద్దవాళ్ళకి క్లాసు పెట్టారట.

"నాకు గొంతు లేదండీ పిన్నిగారూ" అన్నాను.

"గొంతెవరిక్కావాలి? అక్కడ పాడించరు, వినడం నేర్పుతారు" అన్నారావిడ.

వెళితే తొమ్మిదిమంది ఆడవాళ్ళం తేలాం. మొదటి పాఠం ఆదితాళం. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత వరసగా చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. నాలుగయ్యాయి కదా! మళ్ళీ దెబ్బ వేసి చెయ్యి తిప్పాలి. ఇంకోసారి దెబ్బ వేసి చెయ్యి తిప్పాలి. మొత్తం ఎనిమిది. అంతే, ఒక ఆవర్తం పూర్తయింది. ఆ వారమంతా కుక్కరు కూతల మధ్య నాకు ఇదే లెక్క.

తర్వాత రెండు రాగాలు వినిపించారు. మోహనలో స్వరాలు అయిదే - స రి గ ప ద. హంసధ్వనిలోనూ అయిదే - స రి గ ప ని. తేడా ఒక్క స్వరం! అయినా చిన్న బెల్లంముక్క పడితే చారు రుచి మారిపోయినట్టు, రాగం మొత్తం మారిపోతుంది. 'మాయాబజార్' (1957)లో వెన్నెల్లో పడవ మీద పాడుకునే పాట గుర్తుంది కదూ? అది మోహన. ముత్తుస్వామి దీక్షితులవారి 'వాతాపి గణపతిం' హంసధ్వని. ఆ రాగాన్ని సృష్టించింది ఆయన తండ్రిగారు రామస్వామి దీక్షితులే. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పదిసార్లు విన్నాక తేడా దానంతటదే తెలిసింది.

ఇంకో సంగతి. త్యాగరాజస్వామి (1767-1847) తంజావూరు సీమలో ఉండి కూడా తన కీర్తనలు చాలావరకు తెలుగులోనే రాశారు. మన భాషే, అయినా మనకి మాటలు అందవు. ఎందుకంటే పాడేవాళ్ళు ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి మార్చి పాడతారు. వాటినే సంగతులంటారు. అందుకని టీచరుగారు ముందు కీర్తన చదివించి, అర్థం చెప్పి, అప్పుడు వినిపిస్తారు. దండకం చదివినట్టు గబగబా పోయేదనుకున్న పాటలో, ఒక మనిషి దేవుణ్ణి నిలదీయడం, బతిమాలడం వినిపించాయి.

శ్రీరామనవమి పందిట్లో కచేరీకి మావారిని కూడా తీసుకెళ్ళాను. గాయని రాగం అందుకోగానే "మోహనండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. పాటయ్యాక ఆవిడే రాగం పేరు చెప్పింది, మోహనే! తర్వాత తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే సమయం. ఇదివరకైతే నేను చెప్పులు వెతుక్కునేదాన్ని. ఈసారి తాళం వేస్తూ కూర్చున్నాను. లెక్క మూడుసార్లు తప్పింది, మళ్ళీ పట్టుకున్నాను. చివరికి మృదంగం ముగింపు, నా అరచేతి దెబ్బ ఒక్కచోట పడ్డాయి. నలభై ఏళ్ళుగా మోస్తున్న ఆ మాట ఆ పందిట్లోనే దిగిపోయింది.

మీ ఊళ్ళో ఇలాంటి క్లాసు లేదా? నలుగురు కలవండి. పాటలకి ఇప్పుడు క్యాసెట్లు వెతుక్కోనక్కర్లేదు, ఫోన్లోనే ఉన్నాయి. వారానికి ఒక్క రాగం చాలు. ఒకే కీర్తన ఇద్దరు ముగ్గురు పాడింది వినండి. వింటూ కూర తరగవద్దు, బట్టలు మడతపెట్టొద్దు. ఆ గంటసేపు ఊరికే కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైన పాఠం, నాకు రెండు నెలలు పట్టింది!

మావారిప్పుడు గురువారం కాఫీ తనే కలుపుకుంటున్నారు. పంచదార ఎక్కువేస్తున్నారు. నేర్చుకుంటారు లెండి, నేను నేర్చుకోలేదూ?