సరంగు కూడ గురువే

నీటిలోని చేపకు బేరమాడరాదని తెలుగునాట సామెత. కాని లోకమున కొన్ని తీరములయందు నేడు ఆ బేరమే నిత్యము జరుగుచున్నది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రపు పడమటి తీరమున తెల్లవారుచుండగనే నలుగురైదుగురు యాత్రికులు రేవునకు వత్తురు. సగము దినమునకో, పూర్తి దినమునకో సొమ్ము మాటాడుకొందురు. చిన్న పడవ యొకటి వారి నెక్కించుకొని ఒడ్డునకు ఎక్కువ దూరము పోకుండ, దగ్గరి నీటిలోనే గాలము వేయించి, మరల రేవునకు చేర్చును. చేప దొరకవచ్చును, దొరకకపోవచ్చును. దొరకలేదను మాత్రమున సరంగు శ్రమ వృథా యనువారు లేరు. అట్లయిన ఆ యాత్రికులు కొన్నదేమి?

వారు కొన్నది చేపను కాదు. ఏ ఋతువున, ఏ పోటున, ఏ లోతున చేప యుండునో యెరిగిన ఒక మనుష్యుని జ్ఞానమును వారు కొనుచున్నారు. ఈ సంగతి గ్రహింపనివారికి ఇట్టి యాత్ర కలవారి కాలక్షేపముగా తోచును. గ్రహించినవారికి అది యొక చిన్న పాఠశాల. పాఠశాల యన్న తరువాత రెండు ప్రశ్నలు తప్పవు. అందు గురువెవరు? ఆ చదువునకు మూల్యము చెల్లించున దెవరు? ఈ రెంటికిని సరియైన సమాధానము దొరకనిదే అట్టి యాత్రలను తెలుగు తీరమునకు ఆహ్వానించుట తగదు.

మొదటి ప్రశ్నకు ఫ్లారిడా తీరము చక్కని సమాధానమే చెప్పుచున్నది. సొమ్ము పుచ్చుకొని యాత్రికుల నెక్కించుకొనువాడు ఆ దేశపు తీరరక్షక దళమువారి అనుమతి పత్రమును పొందియుండవలెను. అందులకు 360 దినములు నీటిమీద పనిచేసిన అనుభవమును చూపవలెను. పరీక్షయందు తేరవలెను. ప్రథమ చికిత్స నేర్చియుండవలెను. చిన్న పడవలకిచ్చు ఈ అనుమతితో ఆరుగురు యాత్రికులకు మించి ఎక్కించుకొనరాదు. చట్టము చేసినవారు ప్రాణరక్షణమును తలచియే ఆ సంఖ్యను నిర్ణయించియుందురు. కాని నలువదిమంది పిల్లలున్న తరగతిలో పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఆ సంఖ్యలోని మరియొక మేలు వెంటనే బోధపడును. ఆరుగురికి ఒక గురువున్నచోట వెనుక బల్ల యనునది యుండదు. ముడి సరిగా వేయలేనివాని చేతిని పట్టుకొని సరంగు మరల వేయించును. ప్రతి శిష్యునిమీదను అతని దృష్టి యుండును.

ఆ పడవలో చెప్పు పాఠములు పుస్తకములలోనివి కావు. నీటిమీద పక్షులు గుంపుగా వ్రాలి ముక్కులతో పొడుచుచున్నచో, క్రింద పెద్ద చేపలు చిన్న చేపలను పైకి తరుముచున్నవని అర్థము. అచ్చట దొరకు కింగ్ మాకరెల్ అను చేప తెలుగువారి వంజరమునకు దగ్గరి చుట్టము. శాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే ప్రజాతియందు చేర్చిరి. దాని పండ్ల పదునునకు మామూలు దారము తెగిపోవును గనుక గాలమునకు పైన కొంత తీగ కట్టవలెను. లంగరు వేయునప్పుడు పడవను సరిగా రాతిదిబ్బ మీద నిలుపరాదు; ప్రవాహమునకు ఎగువను నిలిపినచో ఎర తనంతట తానే కొట్టుకొనిపోయి చేప నోటి యెదుటికి చేరును. వీనిలో ఒక్కటియు పెద్ద రహస్యము కాదు. కాని వీని నన్నిటిని సమయమునకు తలచుకొనగలిగినవాడే సరంగు.

అన్నిటిలోను గొప్ప పాఠము పట్టిన చేపను విడుచుట. ఆ తీరమున రెడ్ డ్రమ్ అను చేప కలదు. ఒడలు రాగివన్నె, తోకమొదట నల్లని చుక్క. డప్పు మ్రోగినట్లు ధ్వని చేయుటచే దాని కాపేరు వచ్చినది. 1980 తరువాతి దశాబ్దిలో మసాలా దట్టించి నల్లగా మాడ్చి వండు ఒక వంటకము మూలమున ఆ చేపకు దేశమంతట గిరాకి పెరిగెను. వలలవారు పెద్ద చేపల గుంపులను చుట్టి పట్టసాగిరి. చేప తరిగిపోవుచుండగా ప్రభుత్వములు మేల్కొని కఠిన నియమములు చేసెను. నేడు ఫ్లారిడాలో ఆ చేపను పట్టుకొనిపోవుటకు అనుమతి యున్న తావులయందు దాని పొడవు 18 అంగుళములకు తక్కువ కారాదు. 27 అంగుళములకు మించనురాదు.

పిల్లచేపను విడువవలెనన్న నియమము ఎవరికైనను తెలియును. పెద్దదానిని విడువుమనుటయే క్రొత్తవానికి వింతగా తోచును. ఇందు శాస్త్రమున్నది. ఆ చేప నలువది యేండ్ల వరకు బ్రదుకగలదు. పెద్దదగుకొలది గ్రుడ్ల సంఖ్యయు పెరుగును. 27 అంగుళములు దాటినది వంశము నిలుపు తల్లి. తన జన్మలో పట్టిన చేపలలో కెల్ల పెద్దదానిని చేతిలో పెట్టుకొని మురియుచున్నవానితో, ‘దీనిని నీటిలో విడువుడు’ అని చెప్పుట తేలికయైన పని కాదు. సొమ్మిచ్చినవాడు అతడే. అయినను చెప్పగలిగినవాడే గురువు. చెప్పలేనివాడు కేవలము బాడుగ పడవవాడు.

విడుచుటయందును విద్య కలదు. తడి చేతులతోనే చేపను ముట్టవలెను. పొడి చేయి దాని ఒంటిమీది జిగురు పొరను చెరుపును. లోతునుండి వేగముగా లాగిన చేప కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోవును. పై నీటిలో అట్లే విడిచినచో అది క్రిందికి దిగలేక వెల్లకిల తేలి పక్షుల పాలగును. అందుచేత బరువు కట్టిన సాధనముతో దానిని మరల లోతునకు దింపి విడుచుట నేర్చిన సరంగులు కలరు. ఇంత చేసినను విడిచిన ప్రతి చేపయు బ్రదుకుననుట నిజము కాదు. జీవిని వినోదమునకై బాధింపనేల యని అడుగువారి ప్రశ్న సామాన్యమైనది కాదు. దానికి పూర్తి సమాధానము ఏ సరంగును చెప్పలేడు. తినుటకు కావలసినంత పట్టి, ఇక చాలునని గాలము చుట్టించుట ఒక్కటే అతడు చేయగల న్యాయము.

ఇక రెండవ ప్రశ్న. ఈ చదువునకు మూల్యము చెల్లించిన దెవరు? ఇచ్చట ఫ్లారిడా కథ మరియొక మలుపు తిరుగును. వినోదమునకై గాలము వేయువారు అచ్చట లక్షలాదిగా నున్నారు. తీరమున చేప తరుగుటకు వలలే కారణమని వారి సంఘములు గట్టిగా వాదించెను. 1994 నవంబరులో ఆ రాష్ట్ర ప్రజలు నూటికి 72 మంది మద్దతుతో రాజ్యాంగమునే సవరించి, మొప్పలకు తగులుకొను వలలను రాష్ట్రపు నీటిలో నిషేధించిరి. ఆ నీటి హద్దు మెక్సికో సింధుశాఖ వైపున 9, అట్లాంటిక్ వైపున 3 సముద్రపు మైళ్లు. 1995 జూలై మొదటి తేదీనుండి ఆ నిషేధము అమలునకు వచ్చెను.

వలలు పోవుటచే చేపకు మేలు కలిగినదని వాదించువారికి ఆధారములు లేకపోలేదు. కాని ఆ మేలు వలలవారి ఇంటినుండియే తీయబడినది. కోర్టెజ్, సీడర్ కీ వంటి పల్లెలయందు తాతముత్తాతల నాటినుండి వలమీద బ్రదికిన కుటుంబములవారు ఒక్క ఓటుతో వృత్తికి దూరమైరి. సీడర్ కీలో పలువురు ప్రభుత్వ శిక్షణము పొంది ఆల్చిప్పల పెంపకమునకు మరలి నిలదొక్కుకొనిరి. అది వారి పట్టుదలకు కీర్తి. అయినను ఎక్కువ తలలున్న వినోదము తక్కువ తలలున్న జీవనోపాధిని ఓటుతో గెలిచినదన్న నిజము దానిచే మాసిపోదు. ఆ నీటిని, ఆ చేపను అందరికంటె ముందు చదివినవారు ఆ వలలవారే. వారి విద్యను నిలుపుకొనుచు వారి వలను మాత్రము సంస్కరించు మార్గమును వెదకుట ధర్మముగా నుండెడిది.

వినోదమునకు, జీవనమునకు నడుమనున్న ఈ గోడను సాహిత్యము ఒకప్పుడు దాటినది. హెమింగ్వే వినోదమునకై పెద్ద చేపలను వేటాడినవాడు. ఫ్లారిడా కొననున్న కీ వెస్టున, పిమ్మట క్యూబాలో నివసించినవాడు. కాని 1952లో వెలువడిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ని వ్రాసినప్పుడు తనవంటి విలాసపు వేటగానిని నాయకుని చేయలేదు. చేతి త్రాటితో పొట్టపోసికొను ఒక ముసలి పల్లెకారుని చేసెను. అతని చెంత విద్య నేర్చిన బాలుని నిలిపెను. సముద్రమును గురించి చెప్పవలసి వచ్చినప్పుడు అధికారము ఎవరిదో ఆ రచయిత ఎరుగును. పర్యాటక వ్యాపారులు కూడ ఎరుగుట అవసరము.

తెలుగు తీరమునకు ఈ విచారము అక్కరలేదని ఎవరును తలంపరాదు. ఇచ్ఛాపురమునుండి పులికాటు సరస్సు వరకు వ్యాపించిన కోస్తాలో సముద్ర విహారములకు, తీరపు వినోదములకు కోరిక నానాట పెరుగుచున్నది. గాలపు యాత్రలును నేడో రేపో అంతటను వచ్చును. వచ్చుట తప్పును కాదు. తప్పెల్ల, పడవకు యజమాని పట్టణపు పెట్టుబడిదారుడై, సముద్రమెరిగిన పల్లెకారుడు దినకూలికి తెడ్డు వేయువాడగుటలో నుండును.

ఆ పల్లెకారుని విద్య యెట్టిదో తలచిచూడవలెను. దుంగలను త్రాళ్లతో బిగించి చేసిన తెప్పమీద అతని పెద్దలు బంగాళాఖాతపు కెరటములను దాటిరి. ఇట్టి తెప్పకు తమిళులు పెట్టిన ‘కట్టుమరము’ అను పేరే ఇంగ్లీషులోనికి పోయి ‘కాటమరాన్’ అయినది. యంత్రములు లేనినాడు వారు ఒడ్డున నున్న కొండను, కోవెల శిఖరమును, తాటితోపును గురుతుగా పెట్టుకొని, ఒక గురుతు మరియొకదానికి సూటిగా వచ్చినప్పుడు తాము నిలిచిన చోటును పోల్చుకొనెడివారు. క్షేత్రగణితమున రెండు సరళరేఖలు ఒక బిందువున ఖండించుకొనునని బడిలో నేర్పుదురు. బడి మెట్టెక్కని సరంగు ఆ సూత్రముతోనే నీటి అడుగున కనబడని రాతిదిబ్బను మరల మరల చేరుకొనెను. జాలరులు, వాడబలిజలు, అగ్నికులక్షత్రియులు, పట్టపువారు మొదలైనవారి ఇండ్లలో ఈ విద్య ఇంకను పూర్తిగా మాయలేదు. కాని దిక్కు చూపు యంత్రము చేతికి వచ్చిన యువకునకు తాత గురుతులతో పనిలేదు. మరియొక తరము గడిచినచో అడుగుటకు ఎవరును మిగులరు.

కావున తెలుగు తీరమున ఇట్టి యాత్రలు సాగవలెనన్నచో కొన్ని కట్టుబాట్లు మొదటినుండియే యుండవలెను. పడవయు, అనుమతి పత్రమును పల్లెవారి పేరనో, వారి సహకార సంఘము పేరనో యుండవలెను. ఎక్కువారు కొలదిమందియే కావలెను. ప్రతివాని ఒంటిమీద లైఫ్ జాకెట్టు తప్పరాదు. నేడు పోరాదని సరంగు అన్నచో ఎంత సొమ్ము చెల్లించినవాడైనను మారు పలుకరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తీరమున ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. చేప గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు తీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలకు వేట నిషేధము కలదు. జీవనమునకై వేటాడువాడు పడవను ఒడ్డున కట్టివేసి కూర్చుండగా వినోదించువాడు గాలము వేయుట అన్యాయము. పల్లె వలలు పరచియున్న నీటిలోనికి యాత్రికుల పడవ చొరరాదు.

ఇందు బడులకును పాలు కలదు. పిల్లలనందరిని సముద్రముమీదికి పంపుట సాధ్యము కాదు, క్షేమమును కాదు. కాని సరంగును బడికి రప్పించుట సులభము. సముద్రపు పల్లెలకు చేరువనున్న ప్రతి ఉన్నత పాఠశాలలోను ఏడాదికి రెండుమూడు పూటలు ఒక ముసలి సరంగును కుర్చీలో కూర్చుండబెట్టి, పిల్లలచే ప్రశ్నలు వేయింపవచ్చును. గాలులకు, నీటి పోకలకు, వలలోని భాగములకు, చేప వయసును బట్టి మారు పేర్లకు ఆ పల్లె వాడు మాటలను వ్రాయింపవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సేద్యగాండ్ర నోటి మాటలను జిల్లా జిల్లా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. రైతు మాట నిఘంటువునకు అర్హమైనప్పుడు పల్లెకారుని మాట విద్యార్థి నోటుపుస్తకమునకు అర్హము కాకుండునా?

దీనిచే కలుగు మేలు భాషకు మాత్రమే కాదు. ఆ తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న పల్లె బాలుడొకడుండును. తండ్రి వృత్తి ఏమని అడిగినప్పుడు అతడు తల వంచుకొని జవాబు చెప్పును. అతని తాత నల్లబల్ల చెంత నిలిచి, రెండు కొండల గీతలు గీచి, అవి కలిసినచోట చుక్క పెట్టి, ‘చేప ఇచ్చట నుండును’ అని చూపిన దినమున ఆ బాలుని తల నిటారుగా నిలుచును. లెక్కల మాస్టరు తాను చెప్పిన పాఠమునే ఆ తాత నోట విని చిరునవ్వు నవ్వును. అట్టి బాలుడు పెద్దవాడై యాత్రికులను సముద్రముమీదికి కొనిపోయినచో బాడుగవాడుగ గాక గురువుగ కొనిపోవును.

నీటిలోని చేపకు బేరమాడరాదన్న సామెత నేటికిని సత్యమే. చేపకు వెల కట్టుట ఎవరి తరమును కాదు. ఆ చేప జాడ చూపు మనుష్యుని విద్యకు మాత్రము గౌరవముతో కూడిన వెల కట్టవచ్చును, కట్టవలెను. అది కట్టని తీరమున ఎన్ని పడవలు తిరిగినను, ఎన్ని గాలములు పడినను, తెలుగువారికి సముద్రము దూరముగనే యుండిపోవును.