గబ్బిలముల గుహలును యాత్రికుల దివిటీలును

గుంతకల్లు జంక్షనున బండి మారుట తప్ప ఈ పీఠభూమిలో చూడదగిన దేమున్నదని ప్రశ్నించువారు నిన్న మొన్నటివఱకు మెండుగ నుండిరి. నేడట్లు కాదు. సెలవుదినమున తెల్లవారుసరికి వీపున సంచులు తగిలించుకొన్న పట్టణపు యువకులు గుంపులుగ దిగి, గుత్తి, తాడిపత్రి దారి పట్టి, కొందఱు బెలుం గుహలకును, కొందఱు గండికోట లోయకును పోవుచున్నారు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము వెళ్ళబుచ్చు నీ కఱవుసీమను చూచుటకు పరులు వచ్చుట మాకు సంతోషకరమే. పల్లెలలో నాలుగు పూటకూళ్ళ యిండ్లు నిలిచినచో వలసపోవు కుటుంబములు నాలుగు తగ్గును. కావున మేము చెప్పబోవు మాటలు యాత్రికులపై కినుకతో చెప్పినవి కావని పాఠకమహాశయులు గ్రహింతురు గాక.

నందికొండలలో పుట్టిన పెన్న, ఎఱ్ఱమల కొండలను నిలువున కోసికొని పోయిన చోటు గండికోట. రమారమి మున్నూఱడుగుల లోతున నీరు, ఇరువైపుల పేర్చినట్టున్న ఎఱ్ఱని రాతిపలకలు, మీద పెమ్మసానివారి కోట. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇచ్చటికి వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. ఆనాటి ధాన్యాగారమును, మసీదును, మాధవరాయని గుడి గోపురమును నేటికిని నిలిచియున్నవి. ఈ చోటును పేరుమోసిన యాత్రాస్థలముగ తీర్చుటకు కేంద్రప్రభుత్వము 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. మంచిదే. కాని ధనము వెంట దీపములు వచ్చును. దీపముల వెంట గుంపులు వచ్చును. ఎఱ్ఱమల సున్నపురాతి గుహలలో అనాదిగ కాపురమున్న ప్రాణులను గూర్చి ఈ సందర్భమున నొక్కరును పలుకుట మేము వినలేదు.

గుహల చరిత్ర మన పాఠకులలో చాలమందికి తెలియదు. బేతంచెర్ల దాపున నున్న బిళ్ళసుర్గమును 1844లో న్యూబోల్డు దొర వెల్లడించెను. నలుబదేండ్లకు భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫుటు కుమారునితోగూడ అచ్చట త్రవ్వించెను. బయటపడిన యెముకలలో ఖడ్గమృగపు టెముకలుండెను. ఆ జాతికి కర్నూలు పేరనే నామకరణమైనది. గబ్బిలముల యెముకలును అందు గలవు. ఖడ్గమృగము పోయినది, గబ్బిలము మిగిలినది. ఈ సీమకు పాతకాపు లెవ్వరని వ్యాజ్యము వచ్చినచో తీర్పు చెప్పుట కష్టము కాదు.

ఇక బెలుం. ఫుటు దానిని 1884లో పేర్కొనెను. 1982 మొదలు గెబవరు అను జర్మను పరిశోధకుని బృందము కొలిచెను. పొడవు 3,229 మీటర్లు. 1988 ప్రాంతమువఱకు చుట్టుపట్ల ఊళ్ళవారు దానిలో చెత్త పోయుచుండిరి. స్థానికులు కొందఱు పూనుకొని బాగుచేయించిరి. పర్యాటకశాఖవారు మార్గములు, దీపములు, గాలి యేర్పాట్లు చేసి 2002లో తెరచిరి. యాత్రికులు రాకున్నచో అది నేటికిని చెత్తకుప్పయై యుండెడిది. ఈ నిజమును కప్పిపుచ్చుట మా యభిమతము గాదు. అయితే యాత్రికులకు తెరచినది సుమారు కిలోమీటరున్నర మాత్రమే. సగమునకు పైగ చీకటియందే యున్నది. ఆ మిగిలిన చీకటిని చీకటిగనే యుంచుడని మా ప్రార్థన. ఒక గుహను చూపి పది గుహలను కాపాడుట నీతి. పదింటిని తెరచి పదింటిని పాడుచేయుట వ్యాపారమునకైనను చేటు.

కొంతకాలము క్రింద ఎఱ్ఱమలలోని పేరులేని యొక బిలమునకు మేము పోతిమి. మాకంటె ముందు వచ్చిన కుఱ్ఱవాండ్రు లోపల టపాకాయ కాల్చి, పొగలో చెదరి యెగురు గబ్బిలములను చేతి ఫోనులతో చిత్రములు తీయుచుండిరి. మందలించితిమి. "గబ్బిలాలే కదా సార్" అని నవ్విరి. తల్లి రొమ్మున కఱచుకొనియుండిన పిల్ల యొకటి నేలబడి కొట్టుకొనుచుండెను. వారిపై కోపమువచ్చిన మాట నిజము. ఇంటికి వచ్చిన పిమ్మట, వారికి చెప్పినవా రెవ్వరు గలరని ఆలోచింపక తప్పలేదు. గబ్బిలము ఎలుకవలె ఈతకు పది కనునది కాదు. సాధారణముగ ఏడాదికొక్క పిల్లనే కనును. బాలింతలు గుంపుగ వ్రేలాడు వేళ వెలుగును, సద్దును, పొగయు సోకినచో తల్లులు లేచిపోవును, పిల్లలు రాలిపోవును. అట్లు రెండు మూడేండ్లు జరిగినచో గుహ పాడువడును.

పోయిన మన కేమి యని భూస్వాములు ప్రశ్నింపవచ్చును. తొలకరి వానకు వేరుసెనగ చేలపై ఎఱ్ఱగొంగళి రెక్కలపురుగులు లేచునపుడు గట్లపై మంటలు వేసి మేలుకొనిన రాత్రులు అనంతపురపు రైతు మఱువడు. పురుగులు తిను గబ్బిల మొక్క రాత్రిలో తన బరువులో సగమునకు దగ్గఱగ పురుగులను మ్రింగగలదు, కూలి యడుగదు. అమెరికాలో టెక్సాసు ప్రత్తిరైతులకు గుహల గబ్బిలములు చేయు మేలును శాస్త్రజ్ఞులు 2006లో డాలరులలో లెక్కగట్టిరి. అచ్చటి కాయతొలుచు పురుగు మన శనగపచ్చపురుగునకు దాయాదియే. ఎరువు మాట సరేసరి. కాని దానికొఱకు గుహను త్రవ్వబూనుట మఱియొక మూర్ఖత. గ్రాండు కాన్యన్ లోయలో నొక గబ్బిలపు గుహయందు లక్ష టన్నుల ఎరువున్నదని యెంచి, ఒక కంపెనీ 1950ల చివర లోయమీదుగ తీగమార్గమును నిర్మించెను. చేతికి చిక్కినది వేయి టన్నులు.

రోగభయము నిరాధారము కాదు. కేరళలో 2018న చెలరేగిన నిపా వైరసునకు పండ్లు తిను గబ్బిలములే మూలమని తేలినది. అయిన, రోగము సోకునను భయమున్నవాడు వాని యింటికి తానే పోనేల? మన చట్టమును చాలకాలము గ్రుడ్డిదిగనే యుండెను. 1972 నాటి వన్యప్రాణి చట్టము పండ్ల గబ్బిలములను ఎలుకలతోను కాకులతోను జేర్చి వినాశకర జంతువులనెను; ఆ పట్టిక 2022 సవరణతోగాని తొలగలేదు. చట్టసభలకంటె మన కవి ముందు మేలుకొనెను. 1941లో జాషువ, గుడిలో అడుగిడ నోచుకొనని మనుజుని మొఱను శివునికి విన్నవించుటకు, గుడిలో తలక్రిందులుగ వ్రేలాడు ఈ ప్రాణినే దూతగ నెన్నుకొనెను. అశుభమని లోకము చీదరించుకొనుదానిని గౌరవించిన సాహిత్యము మనది.

ఏమి చేయవచ్చునో చూచుటకు దూరము పోనక్కఱలేదు. తెలుగు వినిపించు కోలారు జిల్లాలో హనుమనహళ్ళి గుహయున్నది. 1994లో శాస్త్రలోకమునకు తెలిసిన కోలారు ఆకుముక్కు గబ్బిలము ప్రపంచములో నా యొక్క చోటనే మిగిలినది. సంఖ్య ఇన్నూటికి లోపని పరిశీలకులు తేల్చిరి. రాతిగనుల వేటు తగులుచుండ, ప్రేమికులు పూనుకొని ప్రభుత్వముచే త్రవ్వకములను నిలిపించిరి. అమెరికాలోని కార్ల్స్‌బాడు ఎడారిలోనైతే యాత్రికులను గుహవాకిట మెట్లపై కూర్చుండబెట్టి, ఫోనులు, కెమెరాలు మూయించి, సంజవేళ లక్షలకొలది గబ్బిలములు వెలువడు దృశ్యమును చూపుదురు. చూచినవానికి తృప్తి, ప్రాణికి హాని లేదు. గండికోటకును ఇట్టి సంజ యున్నది.

కావున మా కోరికలు పెద్దవి కావు. ఎఱ్ఱమల గుహలలో నెందెందు గబ్బిలము లున్నవో విశ్వవిద్యాలయములచే లెక్క తీయింపుడు. పిల్లలను పెంచు నెలలలో అట్టి గుహలకు పోవుట నిషేధింపుడు. తెరువని బిలములకు ఇటుకగోడలు కట్టక, గబ్బిలము దూరగలిగి మనుష్యుడు దూరలేని అడ్డుకమ్మీల ద్వారములు పెట్టుడు. నాపరాతి గనులకును, సిమెంటు కర్మాగారములకును సున్నపురాతి హక్కు లిచ్చునపుడు గుహలున్న కొండను విడిచిపెట్టుడు. గ్రామస్థులనే కావలివారిగ నియమించి జీతమిండు. మంజూరైన 77.91 కోట్లలో అట్టి ద్వార మొక్కదానికైన చోటున్నదో లేదో, ఉన్నచో నే పద్దు క్రింద నున్నదో అధికారులు ప్రకటింపవలెను.