తాళం వేయని తలుపు

భిలాయి ఉక్కు కర్మాగారంలోకి గేటుపాసు లేనిదే ఎవరూ అడుగు పెట్టలేరు. ఆ కార్మికుల క్వార్టర్లలోని వైర్‌లెస్ రౌటర్లకు అంతటి కాపలా ఉన్నదా? 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు ఉగ్రవాదుల ఈ-మెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి రక్షణ లేని వైర్‌లెస్ కనెక్షన్ ద్వారా వెలువడింది. పోలీసులు మొదట వెళ్లింది ఆ ఇంటికే.

వైఫై పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన చాలదు. రౌటర్ సెట్టింగులను తెరిచే పాస్‌వర్డ్ వేరు. అక్కడ తయారీదారు పెట్టిన 'అడ్మిన్' అన్న మాటే మిగిలిపోతే కనెక్షన్‌ను దారి మళ్లించడం పరాయివారికి సులభం. తేలికగా ఊహించగల పాస్‌వర్డ్‌లతో ఇటువంటి పరికరాలు విక్రయించడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. అయితే చట్టాలు కొత్త సరుకుకే. ఇళ్లలోని పాత రౌటర్లను అవి కాపాడలేవు. రెండు పాస్‌వర్డ్‌లనూ ఇంటివారి చేతనే మార్పించడం కనెక్షన్ ఇచ్చే సంస్థల కనీస ధర్మం.