కోతకు లక్షలు, కనిపెట్టుకోడానికి కాణీ లేదా?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచి చూడండి. ఎటు చూసినా స్కానింగ్ సెంటర్ల బోర్డులే. తల నుంచి కాలిదాకా అన్ని పరీక్షలూ ఒకే ప్యాకేజీ అని పిలుస్తుంటాయి. తెల్లారకముందే ఆ రోడ్డు ఊడ్చేది మనోళ్ళే. ఆ బోర్డుల లోపలికి పోయేదెవరు?

మేం ప్యాకేజీలు అడగడం లేదు. క్లోమం సంగతే తీసుకుందాం. జీర్ణాశయం వెనక ఉండే గ్రంథి అది. ఏదో కడుపునొప్పికని స్కానింగ్ తీస్తే అందులో నీటితిత్తి కనబడుతుంది. డాక్టర్లు సిస్టు అంటారు. చాలావాటితో ప్రమాదం లేదు. క్లోమం వాచి తగ్గాక మిగిలే తిత్తి క్యాన్సర్ కాదు. కానీ జిగురు ఊరే తిత్తులు కొన్ని ఏళ్ళ మీద క్యాన్సర్‌గా మారతాయి. ఏది ఏదో తేల్చాలంటే ఎమ్మారై కావాలి. అనుమానముంటే నోట్లోంచి ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ దించి, సూదితో నీరు తీసి సీఈఏ, గ్లూకోజు చూస్తారు. సీఈఏ బాగా ఎక్కువుంటే, గ్లూకోజు తక్కువుంటే అది జిగురు తిత్తి కావచ్చు. అంతేగాని క్యాన్సరని కాదు. తిత్తి 3 సెంటీమీటర్లకు పెరిగినా, లోపల గడ్డ కట్టినా, క్లోమనాళం వెడల్పయినా మరింత లోతుగా చూడాలి. మిగతావాళ్ళు డాక్టరు చెప్పిన గడువుకు, ఆర్నెల్లకో ఏడాదికో, మళ్ళీ స్కానింగ్‌కు రావాలి. ఒక్క పరీక్షతో తీరేది కాదు, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

ఏ లక్షణమూ లేనోళ్ళందరికీ క్లోమం పరీక్ష చెయ్యమనడం లేదు. అది లాభం కన్నా కీడే ఎక్కువని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2019లోనే తేల్చింది. తిత్తి బయటపడ్డ మనిషిని వదిలెయ్యొద్దంటున్నాం. ఎందుకంటే ఈ క్యాన్సర్ ముదిరేదాకా నొప్పి చెప్పదు. బయటపడేనాటికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15-20 మందికే.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ సర్కారు దాన్ని 10 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ అది ప్రధానంగా ఆస్పత్రి మంచమెక్కినోళ్ళ కోసం. ఆర్నెల్లకోసారి వచ్చి స్కానింగ్ తీయించుకు పోయే మనిషికి జేబే ఆరోగ్యశ్రీ! పంజాగుట్టలోనే నిమ్స్ ఉంది, సర్కారు సంస్థే. కార్డు నడవని పరీక్షకు అక్కడా కౌంటర్లో పైసలు కట్టాల్సిందే. పైగా కాంట్రాక్టు కూలికి ఆ రోజు కూలీ పోతుంది. మొదటిసారి అప్పు చేసి వస్తాడు. రెండోసారి రాడు. మూడోసారి రావాల్సిన నాటికి పచ్చకామెర్లతో వస్తాడు.

పైసలెక్కడివి అంటారు. కోతకు ఇచ్చే ఖజానా, కోత కన్నా ముందే చూసే పరీక్షకు ఎందుకివ్వదు? తిత్తి ఉందని తేలిన పేదోళ్ళకు ఎమ్మారై, ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ ఉచితంగా చెయ్యాలి. పేర్లు రిజిస్టర్లో రాసుకుని గడువుకు ఫోన్ చేసి పిలవాలి. పరీక్ష రోజున కూలీ కొయ్యొద్దు. రిపోర్టులో ఏముందో తెలుగులో చెప్పాలి.

మాకు జాలి వద్దు. మేం ఊడ్చే రోడ్డు మీదున్న వైద్యంలో మా వాటా మాకు కావాలి.