వేలెడంత కొని, మీటరు చేపను మోయలేక

సికింద్రాబాద్‌లో ఓ మోస్తరు అక్వేరియం షాపు ఏదైనా సరే, మూడు రకాల చేప పిల్లలు అక్కడ తరచూ కనిపిస్తాయి. వెండి మెరుపుతో గుంపుగా తిరిగేవాటిని ‘షార్క్’ అంటారు. అద్దానికి నోరు అతికించుకుని కదలకుండా ఉండేది ‘సక్కర్’, అదే ‘ట్యాంక్ క్లీనర్’. నల్లని వీపు, పక్కన తెల్లని పట్టీ, ఎర్రని తోకతో చూడగానే మనసు లాగేది రెడ్‌టెయిల్. అప్పటికి అన్నీ వేలెడంతే ఉంటాయి. అన్నీ క్యాట్‌ఫిష్‌లే; మన జెల్లలకు, వాలుగలకు దూరపు బంధువులు. ఆ ‘షార్క్’కు సముద్రపు సొరచేపతో ఏ చుట్టరికమూ లేదు.

దాని అసలు పేరు పంగాసియస్. పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. 1990లలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుంచి ఆంధ్రకు వచ్చింది. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో ఏడాది తిరిగేలోగా కిలో దాటే చేప ఇది. హోటళ్లలో ‘బాసా’ పేరుతో ముళ్లు లేకుండా వడ్డించే ముక్కలు చాలావరకు దీనివే. నదిలో నాలుగడుగులు దాటి, 40 కిలోలకు పైగా తూగగలదు. అమెజాన్ నుంచి వచ్చిన రెడ్‌టెయిల్ మీటరు దాటుతుంది, 50 కిలోల బరువున్నవీ దొరికాయి. సక్కర్ కూడా అడుగు, అడుగున్నర వరకు సాగుతుంది. ఇంత పెరిగే జీవిని పెరుగుదల మాట దాచి పిల్లలాడుకునే వస్తువులా అమ్మడం తప్పు.

ఇంట్లో పెట్టుకునే తొట్టెల్లో పెద్దది అనుకునేది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. అందులో పట్టేది దాదాపు 250 లీటర్లు. వెడల్పు 45 సెంటీమీటర్లే. మీటరు చేప అందులో వెనక్కి తిరగలేదు. తొట్టెను బట్టే చేప పెరుగుతుందనే మాట షాపుల్లో తరచూ వినిపిస్తుంది. నిజానికి ఇరుకులో, పాడైన నీటిలో పెరుగుదల కుంటుపడితే అది సర్దుకుపోవడం కాదు, జబ్బు పడటం.

పంగాసియస్ బాధ కళ్లారా చూడొచ్చు. గుంపులో బతకాల్సిన చేప ఒంటరిగా ఉంటే బెదురు ఎక్కువ. రాత్రి గదిలో ఒక్కసారి లైటు వేస్తే చాలు, ఉలిక్కిపడి దూసుకెళ్లి అద్దానికి గుద్దుకుంటుంది. పదే పదే గుద్దుకుని ముక్కు చివర చర్మం లేచిపోయి తెల్లగా పుండు పడుతుంది. ఒంటిమీద పొలుసు లేని చేప కాబట్టి ఆ గాయం మానడం కష్టం, మందు వేసేటప్పుడూ మోతాదు మించితే దానికే ముప్పు.

నీటి సంగతి మరీ కష్టం. ఎంత తింటే అంత అమ్మోనియా. ఫిల్టర్‌లో స్థిరపడిన బాక్టీరియా దాన్ని తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది, కానీ పెద్ద చేప వదిలే మలినానికి చిన్న ఫిల్టర్ సరిపోదు. కరెంటు పోయి గంటలు గడిస్తే నీటిలో ఆక్సిజన్ కూడా పడిపోతుంది. 250 లీటర్ల తొట్టెలో వారానికి మూడో వంతు నీరు మార్చినా 80 లీటర్లు కావాలి, అదీ క్లోరిన్ తీసేసి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లో ఈ పని ఎన్నాళ్లు సాగుతుంది?

భాగవతంలో సత్యవ్రతుడి దోసిట్లో పడిన చేపపిల్లకు కమండలం చాలలేదు, మడుగు చాలలేదు, చివరికి సముద్రమే దిక్కయింది. నగరంలో రెడ్‌టెయిల్ కొన్న కుటుంబానికి అందుబాటులో సముద్రం లేదు. చంపడానికి చేతులు రావు. షాపువాళ్లు తిరిగి తీసుకోరు. ఇక మిగిలేది దగ్గర్లోని చెరువు. పుణ్యమనుకుని వదిలేస్తారు, ఉపద్రవం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడి నీళ్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్తాయి. పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది, సాగర్ అలుగు నీరు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి. సక్కర్ లాంటి గట్టి చేపకు ఈ దారి చాలు. ఒంటినిండా ఎముక పలకలు, గాలి పీల్చుకునే శక్తి, నీటి బయటా గంటల తరబడి బతికే మొండితనం దాని సొంతం. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మెక్సికోలోని ఇన్‌ఫియర్నియో జలాశయంలో ఇవి పెరిగిపోయాక తిలాపియా వేట కుదేలైంది. 2020లో వారణాసి దగ్గర గంగలోనూ దొరికింది. హబ్సిగూడ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లతో వెతికితే, తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో సగానికి మించి చోట్ల దీని జాడ బయటపడింది. దెయ్యం చేప అని పిలిచే మత్స్యకారుడికి వల చిరుగుతుంది, పట్టినదానికి పైసా రాదు. ఎవరో ఇంట్లో ముచ్చట తీర్చుకున్నందుకు నష్టపోతున్నది అతను. ఈ అన్యాయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

పెద్ద క్యాట్‌ఫిష్ పెంచేవాళ్లంతా బాధ్యత లేనివాళ్లు కారు. పెరట్లో సిమెంటు కుంట కట్టి, వేల లీటర్ల నీటికి తగ్గ ఫిల్టర్ పెట్టి, చేపను ఏళ్ల తరబడి సాకేవారున్నారు. వారి ఓపికకు దండం పెట్టాలి. హాలులో టీవీ పక్కన తొట్టె పెట్టుకునేవారికి మాత్రం కోరిడోరస్ లాంటివి చాలు. చాలావరకు మూడంగుళాలకు మించవు, మీసాలతో ఇసుక వెతుక్కుంటూ గుంపుగా తిరుగుతుంటే గంటలు తెలియవు. పాచి తినే చేపే కావాలంటే ఆరంగుళాల లోపు ఆగిపోయే బ్రిసిల్‌నోస్ ఉంది.

చట్టం చేతిలో లేకపోలేదు. 2022లో సవరించిన వన్యప్రాణి రక్షణ చట్టంలోని 62ఏ సెక్షన్ పరాయి ఆక్రమణ జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకాలను నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. సక్కర్, రెడ్‌టెయిల్ అమ్మకాలను దాని కిందికి తేవాలి. అయితే నిషేధం కాగితం మీద ఉంటే లాభం లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించినా తెలంగాణలో దొంగచాటు చెరువులు బయటపడుతూనే ఉన్నాయి. అందుకే షాపు దగ్గరే కట్టడి కావాలి. ప్రతి తొట్టె మీద చేప అసలు పేరు, పూర్తిగా పెరిగితే ఎంత పొడవుంటుందో తెలుగులో రాయించాలి. అమ్మినవాడే తిరిగి తీసుకునే నియమం మత్స్యశాఖ పెట్టాలి.

ఇప్పటికే ఇంట్లో పెరిగిపోయిన చేప ఉన్నవారు దాన్ని ఏ చెరువులోనూ, ఏ నాలాలోనూ వదలొద్దు. పెద్ద కుంట ఉన్న పెంపకందారును వెతికి అప్పగించండి. కొత్తగా కొనబోయేవారు డబ్బులిచ్చే ముందు ఇది ఎంత పెరుగుతుంది, పెరిగాక తిరిగి తీసుకుంటారా అని షాపులో అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకుండా వచ్చేయండి.